లైటున్న కిండిల్ కవర్ కొనాలా? ముందు ఇంట్లో ఈ పరీక్షలు చేసి చూడండి

మా నాన్న దగ్గర ఇంకా 2012 నాటి కిండిల్ ఉంది, అదే, ఈ-పుస్తకాలు చదువుకునే అమెజాన్ వాళ్ల రీడర్. ఆ ఏడాది ఆగస్టులో అమెజాన్ మన దేశంలో కిండిల్ స్టోరు తెరిచినప్పుడు క్రోమా షాపుల్లో రూ. 6,999కి అమ్మిన మోడల్. టచ్ లేదు, లోపల లైటు లేదు. పేజీ తిప్పే బటన్లు మాత్రం ఈ రోజుకీ టకటకా పనిచేస్తాయి. పగలంతా వరండాలో కుర్చీ వేసుకుని చదువుకుంటారు. గొడవంతా రాత్రిపూటే. "ఇక ట్యూబ్‌లైట్ ఆర్పండి" అని అమ్మ, "ఈ అధ్యాయం అయిపోనీ" అని ఆయన. చివరికి అది నా మెడకు చుట్టుకుంది: "లైటున్న కవర్లు వస్తాయట, ఒకటి చూడరా."

ఒక సాయంత్రంలో తేలిపోతుందనుకున్నాను. తొందరపడి 'ఆరంగుళాల రీడర్లన్నిటికీ సరిపోతుంది' అని రాసి ఉన్న కవర్ ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించాను. పట్టడం పట్టింది. కానీ దాని అంచు సరిగ్గా పేజీ బటన్ల మీద కూర్చుంది. కవర్ మూసి తెరిచేలోపు నాలుగైదు పేజీలు వాటంతటవే తిరిగిపోయేవి. మర్నాడే వెనక్కి పంపేశాను. ఆ తర్వాత బుద్ధి తెచ్చుకుని, పైసా ఖర్చు లేకుండా ఇంట్లోనే ఏమేం చూసుకోవచ్చో ఒక్కొక్కటీ చేసి చూశాం. ఆ వరసే ఇది. మన దగ్గర ఎక్కువమంది చేతుల్లో ఉన్నది కిండిలే కాబట్టి ఆ పేరే వాడుతున్నాను. కోబో, నూక్ లాంటి వేరే కంపెనీల రీడర్లు వాడేవాళ్లకీ పద్ధతి ఇదే.

మొదటి మెట్టు: మీ దాంట్లో లైటు ఉందేమో చూడండి

నవ్వొచ్చే సలహాలా ఉంటుంది గానీ, బ్రైట్‌నెస్ సున్నాలో పెట్టేసి, తమ దాంట్లో లైటే లేదనుకుని ఏడాదిపాటు చదివినవాళ్లు నాకు తెలుసు. గది చీకటి చేసి, సెట్టింగ్స్‌లో బల్బు బొమ్మగానీ సూర్యుడి బొమ్మగానీ ఉందేమో వెతకండి. ఉంటే పూర్తిగా పెంచి చూడండి.

మోడల్‌ని బట్టీ చెప్పేయొచ్చు. కిండిల్ కుటుంబంలో లోపలి లైటు మొదలైంది 2012 చివర్లో వచ్చిన పేపర్‌వైట్‌తో. దానికి కొన్ని నెలల ముందే అమెరికాలో బార్న్స్ అండ్ నోబుల్ అనే పుస్తకాల దుకాణాలవాళ్లు లైటున్న నూక్ తెచ్చారు. అయితే అన్నిటికంటే చౌకగా వచ్చే మామూలు కిండిల్‌కి 2019 దాకా లైటు ఇవ్వలేదు. 2014, 2016 మామూలు మోడళ్లకు టచ్ ఉంది, చూడ్డానికి పేపర్‌వైట్ లాగే ఉంటాయి, లైటు మాత్రం లేదు. సెకండ్ హ్యాండ్‌లో పేపర్‌వైట్ అనుకుని వీటిని కొని నాలుక కరుచుకునేది ఇక్కడే.

లోపల లైటుంటే ఈ వ్యాసం మీకు ఇక్కడితో అయిపోయింది. మామూలు కవర్ కొనుక్కోండి. "కవర్ లైటు కంటికి మంచిదట" అని ఎవరన్నా చెబితే పట్టించుకోకండి. ఫోన్ తెరలా కాకుండా ఈ-ఇంక్ తెర సొంతంగా వెలగదు, కాగితంలా పైన పడిన వెలుగునే తిప్పి పంపుతుంది. పేపర్‌వైట్‌లో అంచున ఉన్న చిన్న ఎల్ఈడీల వెలుగు తెర మీద పరిచిన పల్చటి పొరగుండా పాకి, అక్షరాల మీద పడి, తిరిగి మన కంట్లోకి వస్తుంది. కవర్ లైటూ అదే పని చేస్తుంది. కాకపోతే ఒక్క మూల నుంచి, అంత సమానంగా పరచకుండా.

రెండో మెట్టు: కరెంటు ఎక్కడిదో అడగండి

లైటున్న కవర్లన్నీ ఒక జాతి కాదు. కరెంటు ఎక్కడి నుంచి వస్తుందన్నదాన్ని బట్టి వీటిలో మూడు రకాలు.

మొదటిది, రీడర్ బ్యాటరీ నుంచే లాక్కునేది. వీటిలో బాగా పేరు తెచ్చుకున్నది 2010లో కిండిల్ 3కి వచ్చిన తోలు కవర్. కుడి పైమూల నుంచి ఒక సన్నటి చెయ్యి బయటికి లాగితే కొసన ఎల్ఈడీ వెలిగేది. కవర్ని పట్టి ఉంచే రెండు లోహపు కొక్కేల గుండానే కరెంటు వచ్చేది. 2011లో వచ్చిన మోడల్‌కి కొక్కేలు తీసేసి, వెనకవైపు బంగారు రంగు చుక్కలు పెట్టారు. 2012లో మన దేశంలో అమ్మిందీ ఆ మోడలే, మా నాన్నదీ అదే. ధర వింటే నవ్వొస్తుంది: అమెరికాలో ఆ కిండిల్ 79 డాలర్లు, లైటు కవర్ దాదాపు 60 డాలర్లు. పరికరంలో ముప్పాతిక ధర దాని చొక్కాకే!

ఈ రకంలో సుఖమేమిటంటే వేరే సెల్లు, వేరే చార్జింగ్ అక్కర్లేదు. బ్యాటరీ గురించి టెన్షన్ పడేవాళ్ల కోసం ఒక చిన్న లెక్క. 2011 మోడల్ బ్యాటరీ 890 ఎంఏహెచ్ (మిల్లీ ఆంపియర్ గంటలు). మామూలు తెల్ల ఎల్ఈడీ ఒకటి సుమారు 20 మిల్లీ ఆంపియర్లు తింటుంది. అంటే ఉత్త లైటుకే అయితే నలభై గంటలకు పైన. రాత్రికి నలభై నిమిషాల చొప్పున చదివితే, నెలకోసారి పెట్టే చార్జింగ్ ఇరవై రోజులకోసారి అవుతుంది. పన్నెండేళ్ల పాత బ్యాటరీ అయితే ఇందులో సగమే అనుకోండి. అదీ పెద్ద బాధేమీ కాదు.

మీ పరికరం వెనక అలాంటి చుక్కలుగానీ పక్కన కొక్కేల గాడిగానీ లేకపోతే ఈ రకం మీకు లేనట్టే.

రెండోది, కవర్ వెన్నులో సెల్ పెట్టుకునేది. రిమోట్‌లో వేసే సన్న సెల్ పడితే ఫర్వాలేదు, కిరాణా కొట్టులో కూడా దొరుకుతుంది. బటన్ సెల్ అయితే వద్దు. రూపాయి బిళ్లంత సెల్లులో ఉండేదే తక్కువ, ఎల్ఈడీ కొన్ని రాత్రుల్లోనే తాగేస్తుంది. పైగా చిన్నపిల్లలున్న ఇంట్లో బటన్ సెల్లు ప్రమాదం. మింగితే గొంతులోనే కాల్చేస్తాయి.

మూడోది అసలు కవరే కాదు, యూఎస్‌బీతో చార్జ్ చేసుకునే క్లిప్ లైటు. ఏ కవర్‌కైనా, ఏ పుస్తకానికైనా తగిలించుకోవచ్చు. దీని దగ్గరికి మళ్లీ వస్తాను.

మూడో మెట్టు: వారం రోజులు రాసిపెట్టుకోండి

పక్కనే ఒక కాగితం పెట్టుకుని, చీకట్లో చదవాలనిపించిన ప్రతిసారీ మూడు ముక్కలు రాయండి: ఎక్కడ, ఎంతసేపు, ఆ గదిలో అప్పటికే ఉన్న లైటు ఎందుకు పనికిరాలేదు. మూడోదే అసలు ప్రశ్న.

మా నాన్న కాగితం మీద ఏడు రాత్రుల్లో ఐదు సార్లు 'మంచం, అరగంట పైన, మీ అమ్మ పడుకుంది' అని ఉంది. ఒకసారి 'కరెంటు పోయింది'. 2012లో అయితే ఈ రెండో కారణమే ఎక్కువసార్లు ఉండేది. ఆ ఏడాది కోతలు గుర్తున్నవాళ్లకి చెప్పక్కర్లేదు. ఇప్పుడు ఇన్వర్టర్ ఉంది కాబట్టి దాని కోసం ప్రత్యేకంగా కవర్ కొననవసరం లేదు.

మీ కాగితంలో వారానికి ఒకటి రెండుసార్లకు మించి లేకపోతే ఏమీ కొనకండి. మంచం తలవైపు గోడకి చిన్న రీడింగ్ ల్యాంపు పెట్టించుకుంటే నలుగురికీ పనికొస్తుంది. జీరో బల్బుతో మాత్రం సర్దుకోవద్దు. ఈ-ఇంక్ తెర తెల్ల కాగితమంత తెల్లగా ఉండదు, కాస్త బూడిద రంగు. పుస్తకం చదవగలిగిన వెలుగులో కూడా ఇది చదవడం కష్టమే. రైల్లో ఎక్కువ తిరిగేవాళ్ల సంగతి వేరు. రాత్రి పది దాటాక పెద్ద లైట్లు ఆర్పేస్తారు. స్లీపర్ పై బెర్తులో పడుకుని చదవాలంటే సొంత వెలుగు ఉండాల్సిందే.

నాలుగో మెట్టు: ఫోన్ టార్చ్‌తో నాటకం ఆడి చూడండి

ఒక్క పరీక్షకే ఓపిక ఉందంటే ఇదే చేయండి. కవర్ లైటు మీకు నచ్చుతుందో లేదో కొనకుండానే తెలిసిపోతుంది.

ఫోన్ ఫ్లాష్ నేరుగా వాడితే కళ్లు చెదురుతాయి. తెల్ల కాగితం చిన్న ముక్క రెండు మడతలు పెట్టి ఫ్లాష్ మీద టేపుతో అంటించండి. గది లైటు ఆర్పి, రీడర్‌ని మీరు మామూలుగా పట్టుకున్నట్టే పట్టుకోండి. ఇంకొకరిని ఆ ఫోన్‌ని తెర కుడి పైమూలకి జానెడు కంటే తక్కువ ఎత్తులో, వాలుగా పట్టుకోమనండి. కవర్‌లో లైటుండేది దాదాపు ఆ చోటే. ఇప్పుడు హడావిడి పడకుండా పది పేజీలు చదవండి. రెండు పేజీలు చాలవు, ఇబ్బందులు ఐదో పేజీ తర్వాతే బయటపడతాయి.

మొదట కనిపించేది వెలుగు తేడా. కుడి పైమూల పాలలా ఉంటుంది, ఎడమ కిందికొచ్చేసరికి మసక. ఆరంగుళాల తెర మీద ఇది చాలామందికి అలవాటైపోతుంది. అంతకంటే పెద్ద తెర అయితే అలవాటు కాదు.

తర్వాత మెరుపు. తెర నున్నటి అద్దం కాదు, గరుకు పూత ఉంటుంది. అయినా లైటు ఒక కోణంలో పడితే తెల్లటి మచ్చలా కనబడి, ఆ చోట అక్షరాలు మాయమవుతాయి. రీడర్‌ని కాస్త వంచితే పోతుంది. పడుకుని చదివేవాళ్లకి ఆ వంచడమే చేతి నొప్పి. చత్వారం కళ్లద్దాలున్నవాళ్లు ఇంకోటీ చూసుకోవాలి: ఎల్ఈడీ చుక్క అద్దాల లోపలివైపు ప్రతిబింబించి కంటి మూలలో తళుక్కుమంటుంది. మా నాన్నకి మొదటి అభ్యంతరం ఇదే. ఫోన్‌ని రెండంగుళాలు ఎడమకి జరిపితే పోయింది. కవర్‌లో బిగించిన చెయ్యి అలా జరగదు కదా, అని అప్పుడే తట్టింది.

ఇప్పుడు పక్కన పడుకునేవాళ్ల పరీక్ష. మీ పక్కన వాళ్లని నిజంగానే పడుకోమనండి, మీ వైపు తిరిగి, కళ్లు మూసుకుని. "వెలుగు తెలుస్తోందా" అని అడగండి. లోపలి లైటున్న రీడర్‌లో ఎల్ఈడీలు అంచు కింద దాగి ఉంటాయి. కవర్ లైటులో ఎల్ఈడీ బయటే వేలాడుతుంది, పక్కనుంచి చూసేవాళ్లకి సూటిగా కంట్లో పడొచ్చు. మా అమ్మ తీర్పు: "ట్యూబ్‌లైట్ కంటే నయమే. ఇటువైపు కాకుండా అటువైపు పెట్టుకుంటే ఇంకా నయం." అంటే కుడి మూల కాదు, ఎడమ మూల కావాలి. తయారీవాడికి మా అమ్మ ఏ వైపు పడుకుంటుందో ఏం తెలుసు!

ఇక తెలుగు చదివేవాళ్లకు ప్రత్యేకంగా ఒకటి. మన పాత పుస్తకాలు ఎక్కువగా దొరికేది స్కాన్ చేసిన పీడీఎఫ్‌ల్లోనే. అమెజాన్ 2016 డిసెంబరులో భారతీయ భాషల ఈ-పుస్తకాలు మొదలుపెట్టినప్పుడు ఉన్న ఐదు భాషల్లో తెలుగు లేదు. కాబట్టి ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే సైటు నుంచి దించుకున్న పీడీఎఫ్‌ని ఆరంగుళాల తెర మీద అడ్డంగా తిప్పి, పేజీని రెండు మూడు ముక్కలుగా చదవడం మనకి అలవాటు. నిలువుగా పెడితే ఒత్తులు చీమల్లా కనిపిస్తాయి. మరి రీడర్‌ని అడ్డంగా తిప్పితే కవర్ లైటు ఎక్కడికి పోతుంది? గడియారం ముల్లు దిక్కున తిప్పితే కుడి పైమూల లైటు కాస్తా కుడి కిందమూలకి దిగిపోతుంది. అప్పుడు మన చెయ్యే దానికి అడ్డం. ఎదురు దిక్కున తిప్పితే ఎడమ పైమూలకి వస్తుంది, అది బాగుంటుంది. కవర్ రెక్క కిందికి వేలాడి, ల్యాప్‌టాప్‌లా ఒళ్లో పెట్టుకోవడానికి కుదురుతుంది కూడా. మీ రీడర్ రెండు వైపులా తిరగనిస్తుందో లేదో సెట్టింగ్స్‌లో చూసుకోండి. స్కాన్‌ల వెనక రంగు అసలే బూడిద, దాని మీద మసక వెలుగు పడితే అక్షరాలు ఇంకా పల్చబడతాయి. పీడీఎఫ్ మెనూలో కాంట్రాస్ట్ ఉంటే పెంచుకుని ఈ పరీక్ష మళ్లీ చేయండి.

వానాకాలం అయితే కిటికీ తెరిచి కూడా ఒకసారి చేయండి. చీకటి గదిలో వెలిగేది మీ చేతిలోని ఆ ఒక్క చుక్కే. తొలకరి తర్వాత ఉసిళ్లన్నీ నేరుగా మీ పేజీ మీదికే వస్తాయి. దోమతెర ఉంటే సరే. లేకపోతే చదివే పని తక్కువ, దులుపుకునే పని ఎక్కువ.

ఐదో మెట్టు: బరువు

2011 కిండిల్ 170 గ్రాములు. ఒంటి చేత్తో పట్టుకోవచ్చన్నదే దాని గొప్ప. లైటు కవర్ తొడిగితే ఆ గొప్ప పోతుంది. అమ్మేవాళ్లు చెప్పిన కవర్ బరువుకి సమానంగా పప్పు కొలిచి, చిన్న సంచిలో కట్టి, రీడర్ వెనక రబ్బరు బ్యాండుతో బిగించి పదిహేను నిమిషాలు చదవండి. చెయ్యే చెప్పేస్తుంది.

ఆరో మెట్టు: డబ్బు

నేను పెట్టుకున్న నియమం ఒకటే: ఇవాళ ఆ రీడర్ సెకండ్ హ్యాండ్‌లో ఎంతకి పోతుందో, అందులో నాలుగో వంతుకు మించి కవర్ మీద పెట్టకూడదు. అంతకు మించితే ఆ డబ్బు లైటున్న రీడర్ కోసం పక్కన పెట్టడమే మేలు.

కొత్త పేపర్‌వైట్ 2025 ఏప్రిల్లో మన దేశంలో రూ. 16,999 ధరతో వచ్చింది. ఏడంగుళాల తెర, పసుపు ఛాయలోకి మార్చుకోగల లైటు. స్కాన్ పీడీఎఫ్‌లు చదివేవాళ్లకి ఆ పెద్ద తెర లైటు కంటే ఎక్కువ ఉపయోగం. అంత పెట్టలేకపోతే పాత పేపర్‌వైట్ ఒకటి చూడండి. 2015 తర్వాతవైతే అక్షరాలు పదునుగా, అంగుళానికి 300 చుక్కలతో ఉంటాయి. లైటు లేని రీడర్‌కి లైటు కవర్ తొడిగినదానికంటే పాత పేపర్‌వైట్ ఎప్పుడూ మెరుగే. నా అభిప్రాయంలో దీనికి మినహాయింపులు రెండే. పేజీ బటన్లు వదులుకోలేని మా నాన్నలాంటివాళ్లు. ఇప్పటికే కవర్ కొనాల్సిన అవసరం ఉండి, లైటు కవర్‌కీ మామూలు కవర్‌కీ తేడా కొద్దిగానే ఉన్నవాళ్లు.

క్లిప్ లైటు కొన్ని వందల రూపాయల్లో వస్తుంది. రీడర్ మారినా అది ఉంటుంది.

ఏడో మెట్టు: పాత కవర్ కొంటుంటే

రీడర్ నుంచి కరెంటు తీసుకునే కవర్లు ఇప్పుడు పాతవే దొరుకుతాయి. ఫొటో చూసి కొనకండి, రీడర్ చేతబట్టుకుని వెళ్లండి.

లైటు చెయ్యి పదిసార్లు బయటికి లాగి లోపలికి తొయ్యండి. ప్రతిసారీ వెలగాలి. వెలిగిన తర్వాత కవర్ని మెల్లగా ఊపండి. మినుకుమందంటే చుక్కలు సరిగా ఆనడం లేదు. పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడిగుడ్డతో తుడిచి మళ్లీ చూడండి, చాలాసార్లు బాగవుతుంది. ఇసుక కాగితం వాడొద్దు, బంగారు పూత లేచిపోతుంది. రెక్సిన్ కవరైతే మడత దగ్గర గోటితో గీకండి. సముద్రం దగ్గరి ఊళ్లలో తేమకి రెక్సిన్ పొలుసులుగా ఊడి, తెర మీద నల్లటి తుక్కు పడుతుంది.

కొక్కేల రకం కిండిల్ 3 ఉన్నవాళ్లకి ఒక హెచ్చరిక. 2010లో దానికి లైటు లేని తోలు కవర్ కూడా ఉండేది, అవే లోహపు కొక్కేలతో. ఆ కవర్ తొడిగితే కిండిల్ తనంతట తనే రీస్టార్ట్ అవుతోందని చాలామంది ఫిర్యాదు చేశారు. కరెంటు వచ్చే గాడిలో రెండు లోహపు కొక్కేలు పెట్టి, వాటిని లోపల లోహంతోనే కలిపితే అంతే మరి. అలాంటిది చౌకగా దొరికినా తీసుకోకండి.

మేం చేసింది

నాన్న కిండిల్ వెనక బంగారు చుక్కలు ఉన్నాయి. వాటికి సరిపోయే పాత కవర్ ఒకటి నాకు కనిపించింది కూడా. కొనలేదు. ఆయన చదివేది అడ్డంగా తిప్పిన పీడీఎఫ్‌లు, కళ్లద్దాల్లో మెరుపు, లైటు ఎడమవైపే ఉండాలన్న అమ్మ షరతు. ఈ మూడూ కలిపితే జరపగలిగే లైటే కావాలని తేలింది. మెడ వంగే క్లిప్ లైటు తీసుకున్నాం, వెలుగు మూడు స్థాయిలు, తెలుపుతో పాటు పసుపు ఛాయ ఉన్నది.

క్లిప్‌ని నేరుగా రీడర్‌కి తగిలించొద్దు. దాని పట్టు తెర అంచు మీద పడితే లోపలి గాజు పొర పగిలే ప్రమాదం ఉంది. ఈ-ఇంక్ తెర పగిలితే అతుకు ఉండదు. మామూలు కవర్ రెక్కని వెనక్కి మడిచి, ఆ అట్టకి మాత్రమే తగిలించండి. మెడని తెర నడుమకి కాకుండా ఎదుటి మూలవైపు చూసేలా వంచితే వెలుగు సమానంగా పరుచుకుంటుంది. పసుపు ఛాయ, రెండో స్థాయి ఆయనకి సరిపోయాయి.

ఇప్పుడు ఆ లైటు చార్జింగ్ కేబుల్‌కీ, కిండిల్ కేబుల్‌కీ పిన్ను వేరు. రెంటికీ పేర్లు రాసి టేపు అంటించాను. అయినా వారానికోసారి ఫోన్ వస్తుంది: "ఇందులో ఏది దేనికిరా?"